టూ యూయూ పేరు చెప్పి కషాయం తాగించకండి

"చైనా నాటువైద్యురాలి కషాయానికి నోబెల్" అనే మెసేజ్ వానలు పడగానే మళ్లీ తిరగడం మొదలైంది. బంధువుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పాత క్లాస్‌మేట్లు విడివిడిగా పంపారు. పంపినవాళ్లంతా మంచి ఉద్దేశంతోనే పంపారని తెలుసు. కానీ దాని చివర "మన వినాయక చవితి మాచిపత్రి కూడా ఇదే మొక్క, వారం రోజులు మరిగించి తాగితే మలేరియా పోతుంది, మాత్రలతో పనిలేదు" అని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

టూ యూయూ అనే ఆ చైనా శాస్త్రవేత్తను మెసేజ్‌లో "ఏ చదువూ లేని నాటువైద్యురాలు" అన్నారు. టూ యూయూ బీజింగ్‌లో ఫార్మసీ చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. డాక్టరేట్ లేదు, అంతే.

"శాంతి బహుమతి" అన్నారు. 2015లో ఆమెకు వచ్చింది వైద్యశాస్త్ర నోబెల్.

ఇక కషాయం. వియత్నాం యుద్ధంలో సైనికుల్ని మలేరియా పొట్టనపెట్టుకుంటోంది, అప్పటిదాకా వాడుతున్న మలేరియా మందు క్లోరోక్విన్ అక్కడ పనిచేయడం మానేసింది. 1967 మే 23న చైనా ప్రభుత్వం కొత్త మందు కోసం ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. 1969లో యూయూ అందులో చేరారు. పాత వైద్య గ్రంథాలు తిరగేసి, అనుభవమున్న వైద్యుల్ని అడిగి ఆమె బృందం రెండు వేల దాకా మందుల తయారీ పద్ధతులు సేకరించింది. సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి బాగా పనిచేసి, మళ్లీ చేసి చూస్తే చేతులెత్తేసింది. ఎందుకో అర్థం కాక ఆమె మళ్లీ పుస్తకాల దగ్గరికే వెళ్లారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన దాంట్లో గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. మరిగించమని ఎక్కడా లేదు. మనం వేడి చేసి మందునే పాడుచేస్తున్నామేమో అని ఆమెకు అక్కడ తట్టింది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రావకంతో, తక్కువ వేడిలో సారం తీశారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిముల్ని పూర్తిగా తుడిచిపెట్టేసింది.

మరిగించడం మానేశాకే దారి దొరికిన మనిషి ఆమె. ఆమె ఫొటో పెట్టి "మరిగించి తాగండి" అని రాయడానికి చేయెలా వచ్చింది? 1972లో ఆ సారాన్ని రోగులకు ఇచ్చే ముందు ఆమె, ఇద్దరు సహచరులు ఆసుపత్రిలో ఉండి తామే తాగి చూశారు. ఆ తర్వాతే చైనాలోని హైనాన్ దీవిలో 21 మంది రోగులకు ఇచ్చారు. ఈ మెసేజ్ రాసినాయన మాచిపత్రి కషాయాన్ని ఎవరి మీద పరీక్షించాడు? మా పిన్ని మీదా?

మాచిపత్రిది, చింగ్‌హావ్‌ది ఒకే కుటుంబం, నిజమే. కానీ ఆర్టిమిసియా అన్న పేరు కింద వందల రకాలున్నాయి. మందు తీసేది ఆర్టిమిసియా ఆన్యువా నుంచి, చింగ్‌హావ్ అంటే అదే. అది దొరికినా ఇంట్లో కషాయం కాస్తే లాభం లేదు. అందులోని అసలు మందు ఆర్టిమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు, ఒక మొక్కలో ఉన్నంత ఇంకో మొక్కలో ఉండదు. గ్లాసులో ఎంత మందు దిగిందో కాచినవాళ్లకూ తెలియదు. అరకొర మందుతో రెండు రోజులు జ్వరం తగ్గినట్టే ఉంటుంది, క్రిమి మాత్రం రక్తంలోనే ఉంటుంది. మలేరియా క్రిముల్లో ఫాల్సిపారం అనే రకమైతే అది మెదడుకు ఎక్కడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి పరిగెత్తితే అప్పటికే ఆలస్యమైపోవచ్చు. పైగా ఆర్టిమిసినిన్ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. అందుకే మాత్రల్లో దానికి తోడుగా ఎక్కువ కాలం నిలిచే ఇంకో మందు కలుపుతారు. ఈ మందుకు కూడా లొంగని క్రిములు కంబోడియాలో ఇప్పటికే పుట్టుకొచ్చాయి. చాలీచాలని మోతాదు వాటికి బలమిస్తుంది. ఆర్టిమిసియా టీలు, కషాయాలు మలేరియాకు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా ఇందుకే.

మెసేజ్‌లోని "కంపెనీలు ఆమె పేరు దాచాయి" అన్న మాట తప్పు. కానీ ఆ బాధ న్యాయమైనదే. 1977లో ఆర్టిమిసినిన్ నిర్మాణం మీద వచ్చిన వ్యాసంలో ఎవరి పేరూ లేదు, ఆనాటి చైనాలో పద్ధతి అది. ఆ పరిశోధనలో పనిచేసిన ఎంతోమంది పేర్లు ఇప్పటికీ మనకు తెలియవు. పాత వైద్యాన్ని చులకన చేయొద్దన్న మాట కూడా ఒప్పుకుంటాను. ఆ పాత పుస్తకంలో ఒక్క వాక్యం లేకపోతే ఈ మందు చేతికందేది కాదేమో. ఆకు పేరెత్తగానే మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

చలి, జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష. ఏజెన్సీ ఊళ్లలో ఆశా కార్యకర్త వేలి మీద ఒక్క చుక్క రక్తం తీసి కిట్‌తో అక్కడే చూసేస్తారు. ఫాల్సిపారం అని తేలితే ఆర్టిమిసినిన్ కలిసిన మాత్రలు మూడు రోజులు పూర్తిగా వేసుకోవాలి. వైవాక్స్ అనే ఇంకో రకమైతే క్రిమి కాలేయంలో దాక్కుని మళ్లీ వస్తుంది కాబట్టి, క్లోరోక్విన్‌తో పాటు డాక్టర్ చెప్పినట్టు ప్రైమాక్విన్ 14 రోజులూ వాడాలి. మన గ్రూపులో ఎవరైనా జ్వరంతో ఆ కషాయం తాగుతుంటే ఆపేసి, ఇవాళే పరీక్ష చేయించుకోండి.