నీట్ పోయిందని ఫార్మ్‌డీలో చేర్పించే ముందు

నీట్ ర్యాంకులు వచ్చాక హైదరాబాద్‌లో ఏటా ఇదే తంతు. ఎంబీబీఎస్ రాదని తేలిపోతుంది. మేనేజ్‌మెంట్ సీటు కొనే స్తోమత ఉండదు. బీడీఎస్ అంటే ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. సరిగ్గా అప్పుడే అడ్మిషన్ల కన్సల్టెన్సీ నుంచి ఫోను: "ఫార్మ్‌డీ వేయించండి సార్, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు." ఆ ఒక్క మాట మీద పిల్లలు ఆరేళ్ల ఫార్మసీ కోర్సులో చేరిపోతున్నారు. ఈ అమ్మాయి రేపు ఎక్కడ నిలబడి పనిచేయాలి అని మాత్రం ఎవరూ అడగరు. వార్డులోనా, ప్లాంటులోనా, మెడికల్ షాపు కౌంటర్ వెనకా? రెండేళ్ల డిప్లొమా డీఫార్మసీ కంటే నాలుగేళ్ల డిగ్రీ బీఫార్మసీ పెద్దది, దానికంటే ఫార్మ్‌డీ పెద్దది అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ముందు ఆ డాక్టర్ సంగతే తేల్చుకుందాం. ఫార్మ్‌డీ మన దేశంలోకి 2008 రెగ్యులేషన్లతో వచ్చింది. ఐదేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. పాసైనవాళ్లు మందులు రాయలేరు, క్లినిక్ పెట్టలేరు. వాళ్ల పని వేరు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న గుండె పేషెంటుకి చిగుళ్ల ఇన్‌ఫెక్షన్ అని ఇంకో డాక్టర్ మెట్రోనిడజోల్ రాశారనుకోండి. మెట్రోనిడజోల్ పడితే వార్ఫరిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే ఐఎన్ఆర్ పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట రక్తస్రావం మొదలవ్వొచ్చు. డ్రగ్ చార్టులో ఆ రెండు మందులూ ఒకేచోట ఉన్నాయని పట్టుకోవాలి. డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించాలి, లేదా ఐఎన్ఆర్ వెంటనే చేయించాలి. కిడ్నీ పని మందగించి క్రియాటినిన్ పెరిగిన పేషెంటుకి యాంటీబయాటిక్ డోసు తగ్గించాలని గుర్తు చేయాలి. క్లినికల్ ఫార్మసిస్ట్ ఉద్యోగం అంటే ఇదే, చాలా విలువైన పని. కాకపోతే చివరి మాట ఎప్పుడూ డాక్టర్‌దే. చెప్పింది వినకపోయినా మర్నాడు మళ్లీ వెళ్లి చెప్పే ఓపిక కావాలి. ఎంబీబీఎస్ రాలేదన్న బాధ ఇంకా తీరని పిల్లకి ఆ వార్డులో ప్రతి రోజూ పుండు మీద కారమే.

ఇష్టంగానే చేరుతున్నారా? అయితే కాలేజీ బిల్డింగు కాదు, ఆస్పత్రి చూడండి. ఫార్మ్‌డీ నడపాలంటే 300 పడకల ఆస్పత్రి ఉండాలన్నది రూలు. కాగితం మీద పడకలు లెక్కకి సరిపోతాయి, వార్డులోకి వెళ్తే పేషెంట్లుండరు. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, ఆ తర్వాత మూడు స్పెషాలిటీల్లో రెండేసి నెలలు చేయాలి. ఇవన్నీ ఒకే ఆస్పత్రిలో దొరుకుతాయా? వారంలో ఎన్ని రోజులు పంపిస్తారు? రౌండ్స్‌కి డాక్టర్ వెంట రానిస్తారా, లేక రికార్డ్ రూములో కూర్చోబెట్టి పాత కేస్ షీట్లు రాయిస్తారా? వీటికి ప్రిన్సిపాల్ చెప్పే జవాబు వేరు, ఆస్పత్రి గేటు దగ్గర టీ తాగుతున్న సీనియర్లు చెప్పే జవాబు వేరు. రెండోదే నమ్మండి.

అమెరికాలో ఫార్మసిస్ట్ అవ్వాలన్నదే లక్ష్యమైతే ఫార్మ్‌డీకి గట్టి కారణం ఉన్నట్టే. 2003 జనవరి 1 తర్వాత పట్టా తీసుకున్న విదేశీయులకి అక్కడ కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన నాలుగేళ్ల బీఫార్మసీతో విదేశీ ఫార్మసీ పట్టాలవాళ్లకి పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్షకే కూర్చోనివ్వరు. అది కాక టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష, ఇంటర్న్ గంటలు, లైసెన్సు పరీక్ష నాప్లెక్స్. బీఫార్మసీ చేసి అక్కడ ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు బోలెడంతమంది. మందుల అనుమతుల పత్రాలు చూసే రెగ్యులేటరీ, డేటా ఉద్యోగాలకి ఆ దారి పనికొస్తుంది గానీ ఎంఎస్ చేసినంత మాత్రాన ఫార్మసిస్ట్ లైసెన్సు రాదు. కెనడా అలా కాదు, నాలుగేళ్ల డిగ్రీని కూడా పరిశీలనకి తీసుకుంటుంది.

బీఫార్మసీ విషయంలో మనవాళ్లకి ఇంకో భ్రమ. హైదరాబాద్ చుట్టూ అన్నీ ఫార్మా కంపెనీలే కదా, ఉద్యోగానికేం లోటు అంటారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు ఉన్నవాటిలో చాలా వరకు బల్క్ డ్రగ్ ప్లాంట్లు, అంటే మందుల ముడిసరుకు తయారుచేసేవి. రియాక్టర్ దగ్గర వాళ్లకి కావాల్సింది కెమికల్ ఇంజినీర్లు, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీవాళ్లు. బీఫార్మసీ పిల్లల బలం ఫార్ములేషన్ వైపు: టాబ్లెట్లు, ఇంజెక్షన్లు తయారయ్యే చోట ప్రొడక్షన్, క్వాలిటీ అష్యూరెన్స్, క్వాలిటీ కంట్రోల్, రెగ్యులేటరీ. చట్టంలోనూ వీళ్లకి ఒక అనుకూలత ఉంది. మందుల తయారీని పర్యవేక్షించే టెక్నికల్ స్టాఫ్‌గా ఆమోదం కావాలంటే ఫార్మసీ గ్రాడ్యుయేట్‌కి 18 నెలల అనుభవం చాలు, కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవాళ్లకి మూడేళ్లు కావాలి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఫార్మసీ డిగ్రీ అర్హతే, డిప్లొమాతో అప్లై కూడా చేయలేరు.

ఇంటర్వ్యూలో దెబ్బ తినేది ల్యాబ్ దగ్గరే. టాబ్లెట్ ఎంత కరుగుతుందో చూసే పరీక్ష డిజల్యూషన్. "డిజల్యూషన్ మొదటి స్టేజిలో ఎన్ని టాబ్లెట్లు వేస్తారు, ఎంత రావాలి?" అని అడుగుతారు. ఆరు వేస్తారు, ఒక్కొక్కటీ క్యూ విలువ (ఇంత కరగాలని ప్రమాణంలో పెట్టిన శాతం) కంటే కనీసం ఐదు శాతం ఎక్కువ కరగాలి. బట్టీపట్టిన పిల్ల కూడా ఇది చెప్పేస్తుంది. "ఒక్కటి తగ్గితే ఏం చేస్తావ్?" అన్నప్పుడు ఆగిపోతుంది. ఇంకో ఆరు టాబ్లెట్లతో రెండో స్టేజికి వెళ్లాలన్నది మిషన్ దగ్గర నిలబడి చేసినవాళ్లకి ఆలోచించకుండా వస్తుంది. అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ ఉందా అని అడక్కండి, అందరి దగ్గరా ఉంటుంది. దాని లాగ్‌బుక్ చూపించమనండి. చివరి ఎంట్రీ ఇన్‌స్పెక్షన్ నాటిదైతే విషయం అర్థమైపోతుంది.

డీఫార్మసీని చిన్నచూపు చూడకండి. సొంత మెడికల్ షాపు పెట్టుకోవాలన్నా, ఆస్పత్రి ఫార్మసీలో త్వరగా కుదురుకోవాలన్నా ఇంతకంటే దగ్గరి దారి లేదు. రెండేళ్ల చదువు, ఆ పైన మూడు నెలలకి తగ్గకుండా 500 గంటల ట్రైనింగ్. ఆ ట్రైనింగ్‌ని తెలిసినవాళ్ల షాపులో సంతకంతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. తర్వాత కొన్ని యాంటీబయాటిక్స్, మత్తు మందుల అమ్మకాలు రాసే షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ ఎలా రాయాలో తెలియక, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు నీళ్లు నములుతారు. ఇంకొందరైతే సర్టిఫికెట్‌ని షాపుకి అద్దెకివ్వడానికే చేరుతున్నారు. అది నేరం. లైసెన్సు మీద మీ పేరుండి కౌంటర్‌లో మీరు లేకపోతే, తప్పు మందు వెళ్లిన రోజు మొదట పిలిచేది మిమ్మల్నే.

డీఫార్మసీ తర్వాత డిప్లొమావాళ్లకి పెట్టే ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో, అంటే మూడో సెమిస్టర్‌లో చేరొచ్చు. నేరుగా బీఫార్మసీ చేసినదాని కంటే ఏడాది పైనే ఎక్కువ పడుతుంది, కానీ ముందే ఫార్మసిస్ట్‌గా రిజిస్ట్రేషన్‌కి వీలుంటుంది. చేరగానే ఎదురయ్యేవి ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో భాగం, ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్. మొదటి భాగం క్లాస్‌మేట్లు రెండో సెమిస్టర్‌లోనే చదివేసి ఉంటారు, వీళ్లకి అది తగలనే తగలదు. ఈసెట్ అయ్యాక దొరికే ఖాళీలో ఆ పుస్తకం పట్టుకోకపోతే బ్యాక్‌లాగ్ ఖాయం. ఫార్మ్‌డీలో మాత్రం ఇలాంటి లేటరల్ ఎంట్రీ లేదు, డీఫార్మసీ చేసినా మొదటి ఏడాదే. రెండూ ఆరూ ఎనిమిది! దయచేసి ఆ పని చేయకండి.

ఎటూ తేల్చుకోలేని పిల్లలకి నా ఓటు బీఫార్మసీకే. ఆ నాలుగేళ్ల తర్వాత ఎంఫార్మసీకి వెళ్లొచ్చు, జీప్యాట్ ప్రవేశ పరీక్షలో అర్హత వస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్. బాలానగర్‌లో ఉన్న కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌కి ప్రయత్నించొచ్చు. వార్డు పనే నచ్చితే మూడేళ్ల ఫార్మ్‌డీ పోస్ట్ బాకలారియేట్ ఉంది. పద్దెనిమిదేళ్లకే ఆరేళ్లకి కట్టుబడాల్సిన పని లేదు. ఎంపీసీ వాళ్లకీ బీఫార్మసీ సీట్లు ఉన్నాయి, మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ బయాలజీ చదివితే సరి.

సీటు ఖాయం చేసుకునే ముందు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు వెతకండి. "కోర్సు నడపడానికి అనుమతి" వేరు, ఫార్మసీ చట్టంలోని "సెక్షన్ 12 కింద ఆమోదం" వేరు. రిజిస్ట్రేషన్‌కి అడిగేది రెండోది. కొత్త కాలేజీలకి మొదట్లో మొదటిదే ఉంటుంది. వేరే రాష్ట్రంలో క్లాసులకి వెళ్లకుండానే డీఫార్మసీ ఇప్పిస్తామనేవాళ్లని గుమ్మంలోకి కూడా రానివ్వకండి.

నీట్ మీదే ఆశ పెట్టుకుని, ఫార్మసీ సీట్లకి రాయాల్సిన ఈఏపీసెట్ ఎగ్గొట్టే బైపీసీ పిల్లలకి ఒక మాట. ఆ పరీక్ష రాయకపోతే కన్వీనర్ సీటు పోయినట్టే, దాంతో పాటు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి అది రాదు. వచ్చినా ప్రభుత్వం బకాయిలు పెడితే కొన్ని కాలేజీలు కోర్సు అయ్యాక కూడా సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి, మెమో లేక పిల్లలు పీజీ సీటు వదులుకుంటున్నారు. చేరే రోజున ఒరిజినల్స్ ఇస్తే ఏమేమి ఇచ్చారో వరసగా రాయించి, కాలేజీ స్టాంపు వేయించి రసీదు తీసుకోండి.