సవరణ: టీవీకి లాన్ వైరు వేగం గురించి

"స్మార్ట్ టీవీకి వైఫై కంటే లాన్ వైరే ఎప్పుడూ ఎక్కువ వేగం" అని మొన్నటి పోస్టులో రాశాను (లాన్ వైరంటే రూటర్ నుంచి టీవీకి నెట్ తెచ్చే కేబుల్). అది తప్పు. చాలా టీవీల్లో, ఖరీదైన వాటిలో సైతం, ఆ వైరు గుచ్చే లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే (సెకనుకు 100 మెగాబిట్ల వేగం). ఇంట్లో 300 ప్లాన్ ఉన్నా ఆ వైరులో టీవీకి అందేది 100 లోపే. రూటర్ అదే గదిలో ఉండి, టీవీ 5 గిగాహెర్ట్జ్ వైఫై (వైఫైకి ఉండే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో వేగమైనది) పట్టుకోగలిగితే అంతకన్నా ఎక్కువే రావచ్చు. కొన్ని టీవీ కంపెనీలు ఇచ్చే స్పెసిఫికేషన్లలోనే ఈ సంగతి ఉంటుంది.

అలాగని లాగిన వైరు పీకేయకండి. 4కె సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. అక్కడ కావాల్సింది నిలకడ, అందులో వైరుదే పైచేయి. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో వైఫై లిస్టు తెరిస్తే ఫ్లోరంతా కనిపిస్తుంది, అవన్నీ ఒకదానికొకటి అడ్డొస్తాయి! 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని వైఫై చానళ్ళు (సిగ్నల్ వెళ్ళే దారులు) 1, 6, 11 మూడే మరి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది.

వైఫై పేరు చివర "5జి" అని ఉంటే అది సాధారణంగా ఈ 5 గిగాహెర్ట్జే, సెల్‌ఫోన్ 5జితో సంబంధం లేదు. టీవీలో ఆ పేరు కనిపించకపోతే మెకానిక్‌ని పిలిచే ముందు, మీ మోడల్ 2.4 ఒక్కటే పట్టుకునే రకమేమో చూసుకోండి.