సిద్ధాంతం చెడకుండా ఓటు వేయడం ఎలా?

కర్నూలులో ప్రభుత్వమే వద్దనేవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పడం కష్టం. లెక్కలు తీసేది ప్రభుత్వమే కాబట్టి వాళ్లు లెక్కకు ఒప్పుకోరు. ఉన్న కొద్దిమందీ ఊళ్లోని రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ ఒక ధర్మసందేహంతో కుస్తీ పడుతున్నారు. రాజ్యాన్ని నమ్మనివాడు ఓటు వేయవచ్చునా? వేస్తే మైలపడతాడా? పడితే ప్రాయశ్చిత్తం ఏమిటి? పంచాంగంలో జవాబు లేదు కనుక ఈ బాధ్యత నా నెత్తిన వేసుకుంటున్నాను.

ఈ చర్చకు మా ఊరిని మించిన వేదిక లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు రాజధాని కర్నూలే. భవనాలు చాలక ప్రభుత్వం గుడారాల్లో కాపురం పెట్టింది. 1956లో గుడారాలు ఎత్తేసి హైదరాబాద్ వెళ్లిపోయింది. రాజ్యం శాశ్వతం కాదని యూరప్ మేధావులు లావుపాటి పుస్తకాలు రాస్తే, మావాళ్లు దాన్ని బండికెక్కించి సాగనంపారు. కాకపోతే అది పోయినందుకు సంబరపడలేదు. రాజధాని కాకపోతే హైకోర్టయినా ఇవ్వండని ఇప్పటికీ అడుగుతున్నారు. సిద్ధాంతరీత్యా ఇది విచారించదగ్గ విషయం.

ఇక శాస్త్రప్రమాణాలు. తనను తాను అరాచకవాదినని, అంటే రాజ్యమే అక్కర్లేదనేవాణ్నని, చెప్పుకున్న తొలి పెద్దమనిషి ప్రూధోఁ 1848లో ఫ్రాన్స్‌లో పోటీ చేసి గెలిచి సభలో కూర్చున్నాడు. కొత్త రాజ్యాంగం ఓటుకు వస్తే వ్యతిరేకించాడు. అందులో తప్పులున్నాయని కాదు, అది రాజ్యాంగం అయినందుకు! బిల్లు చదవకుండా చెయ్యెత్తేవాళ్లను మనం చాలామందిని చూశాం గానీ, ఇంత నిష్ఠగా అడ్డం తిరిగినవాణ్ని చూడలేదు.

స్పెయిన్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1933 ఎన్నికల్లో అక్కడి అరాచకవాద కార్మిక సంఘం సీఎన్‌టీ ఊరూరా తిరిగి ఓటేయొద్దని చెప్పింది. కుడిపక్షాలు గెలిచాయి. 1936 ఫిబ్రవరిలో, వామపక్షాలు గెలిస్తే జైల్లో ఉన్న తమవాళ్లు బయటికొస్తారన్న ఆశతో ఆ ప్రచారం తగ్గించింది. వామపక్షాలు గెలిచాయి. అదే ఏడాది నవంబర్‌లో, అంతర్యుద్ధం మధ్య, ఆ సంఘంవాళ్లు నలుగురు ఏకంగా మంత్రులయ్యారు. గార్సియా ఒలివేర్‌కు న్యాయశాఖ దక్కింది. ఓటేయడమే పాపమన్నవాళ్లు ఓట్లడగకుండా మంత్రులు కావడం గొప్ప ఉపాయమే. మన దగ్గర ఆ సౌకర్యాన్ని శాసనమండలి అంటారు.

'అన్నీ మార్కెట్టే చూసుకుంటుంది' అనే స్వేచ్ఛావాదులు వేరే బాపతు. వీళ్ల లెక్కలో పన్ను దోపిడీ, ఓటు ఆ దోపిడీకి పెట్టే సంతకం. పోలింగ్ ముందు రాత్రి ఇంటికొచ్చే కవరు మాత్రం ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఇష్టపూర్వకమైన లావాదేవీ, పైగా జీఎస్టీ లేనిది. వీళ్లను ఒకసారి కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద నడిపించాలి. 1860లలో దాన్ని తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పెట్టుబడి కంపెనీది, వడ్డీకి హామీ సర్కారుది. రైతులు అనుకున్నంతగా నీళ్లు కొనలేదు. చివరికి 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. అప్పటికి మనవాళ్లకు ఓటు లేదు కాబట్టి ఎవరి సిద్ధాంతమూ చెడలేదు.

నోటా ఉంది కదా అంటారు. 2013లో సుప్రీంకోర్టు చెబితే వచ్చింది. ఎండలో నిలబడి, కార్డు చూపించి, వేలికి సిరా పూయించుకుని 'ఎవరూ వద్దు' అని నొక్కాలి. నోటాకే ఎక్కువ పడినా, మిగిలినవాళ్లలో ఎక్కువ తెచ్చుకున్నవాడే గెలుస్తాడు. అంతకుముందు 49-ఓ అనే నిబంధన ఉండేది. అందరి ముందు 'నేనెవరికీ వేయను' అని చెప్పి రిజిస్టర్‌లో రాయించుకోవాలి. సీమ పల్లెలో రెండు వర్గాల ఏజెంట్లూ కళ్లు పెద్దవి చేసి చూస్తుండగా ఆ మాట చెప్పడానికి సిద్ధాంతం ఒక్కటే సరిపోదు, ఊరు దాటించే బండి కూడా ఉండాలి.

నిజానికి ఈ సమస్యను మా పల్లెలు ఎప్పుడో తేల్చేశాయి. ఒకప్పుడు ఫ్యాక్షన్ ఊళ్లలో ఓటు వేయకూడదన్న నియమం పాటించడం చాలా తేలిక. బూత్‌కు వెళ్తే, "నీ ఓటు అయిపోయిందిలేన్నా, ఇంటికి పో" అనేవాళ్లు. మనుషులు ప్రభుత్వం లేకుండానే పరస్పర సహకారంతో బతకగలరని రష్యా అరాచకవాది క్రొపోట్కిన్ వాదించాడు. పాపం, ఆయన మా వైపు రాలేదు. ఇలా ఓటు పోగొట్టుకున్నవాళ్ల కోసమే చట్టంలో టెండర్ ఓటు ఉంది. మన పేరుతో ఎవరో వేసేసి ఉంటే, మనకు కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా కవర్లో దాస్తారు. కోర్టు చెబితే తప్ప లెక్కించరు. వేసినట్టూ ఉంటుంది, రాజ్యానికి ముట్టినట్టూ ఉండదు. అరాచకవాదికి ఇంతకన్నా పవిత్రమైన ఓటు ఏ దేశంలో దొరుకుతుంది?

ఆ భాగ్యం లేనివాళ్లకు అమెరికా లాయరు లైసాండర్ స్పూనర్ 1860లలోనే దారి చూపించాడు. ఓటేసినంత మాత్రాన ప్రభుత్వానికి ఒప్పుకున్నట్టు కాదన్నాడు. నిన్ను అడక్కుండా నీ మీద పెత్తనం పెట్టినప్పుడు, చేతికందిన ఓటును ఆత్మరక్షణకు వాడుకోవడం తప్పు కాదన్నాడు. నాకు ఈయన మాటే నచ్చింది. మనం వేయకపోతే రాజ్యం అలిగి వెళ్లిపోదు, వేసిన పక్కింటాయనతో సర్దుకుంటుంది.

కాబట్టి రాజ్‌విహార్ మిత్రులకు మనవి. మన దగ్గర పోలింగ్ మామూలుగా సాయంత్రం ఆరు దాకా ఉంటుంది. ఆరింటికి వరుసలో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి తర్వాత కూడా వేయనిస్తారు. అవీ వరుసలో చిట్టచివర ఉన్నవాడి నుంచి పంచుకుంటూ వస్తారు. రాజ్యాన్ని రద్దు చేసే పద్ధతి ఖరారు చేసుకుని ఐదున్నరకల్లా బయల్దేరితే సరిపోతుంది.