చెయ్యెత్తితే కయాక్ వచ్చింది

ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సులో మైలు ఈత, అంటే 1.6 కిలోమీటర్లు. టైప్ 1 షుగర్ గురించి నలుగురికీ తెలియాలని, పనిలో పనిగా విరాళాలు పోగవ్వాలని. మాంచెస్టర్‌లో ఉండే మనవాడికి చిన్నప్పటి నుంచీ ఇన్సులినే గనక ఉత్సాహంగా పేరిచ్చాడు.

ఈత సంగతి తర్వాత, ముందు వెట్‌సూట్‌లోకి, అంటే చలి ఆపే బిగుతైన రబ్బరు సూట్‌లోకి, దూరాలి. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగితే కాలు సులువుగా జారుతుంది. గోళ్లు తగిలితే చిరుగుతుంది కాబట్టి వేళ్ల కొసలతో కొంచెం కొంచెంగా పైకి జరపాలి. గజ్జల దాకా పూర్తిగా ఎక్కకపోతే భుజాల దగ్గర చాలదు, చెయ్యి వేసినప్పుడల్లా వెనక్కి గుంజుతుంది. మనవాడు ఇవన్నీ పాటించాడు. పాటించాక చూస్తే జిప్పు పొట్ట మీద ఉంది. అది వీపు వైపు రావాలి. విప్పి మళ్లీ తొడిగాక, వాళ్లావిడ నడుముకు మోకాలు ఆనించి జిప్పు లాగింది.

చక్కెర పడిపోతే అక్కరకొస్తుందని సూట్ చేతిలో గ్లూకోజ్ జెల్ పాకెట్ దోపుకుంటారు. ఈయన గ్లూకోజ్ బిళ్లలు దోపాడు. నీళ్లు చేరాక వాటిలో ఏం మిగులుతుంది? ఒంటికి అంటించుకున్న షుగర్ సెన్సర్‌ని నమ్ముకుందామన్నా దాని బ్లూటూత్ నీళ్లలోంచి ఫోన్‌ దాకా రాదు. అందుకే ఒడ్డునే చూసుకుని దిగాలి. అదొక్కటి మాత్రం చేశాడు.

చన్నీళ్లకు మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి ఎగబీలుస్తుంది. అప్పుడు ఈదకుండా వెల్లకిలా తేలాలి. తేలాడు. ఒడ్డున ఫోన్ పట్టుకున్న భార్య కనబడింది. ఫొటో బాగా రావాలని చెయ్యి నిటారుగా ఎత్తి ఊపాడు.

వెల్లకిలా పడుకుని చెయ్యెత్తడమంటే అక్కడ ‘రక్షించండి’ అని. పొద్దున్న బ్రీఫింగ్‌లో చెప్పారు, జిప్పు గొడవలో వినలేదు. కాపలా కాసే చిన్న తెడ్డు పడవలు, రెండు కయాక్‌లు దూసుకొచ్చాయి.

“ఏమైంది?”

“ఏం లేదండీ, మా ఆవిడకి...”

“ఆవిడకేమైంది?”

ఎలాగో ఒప్పించి, మైలు పూర్తి చేసి ఒడ్డెక్కాడు. ఒడ్డెక్కాకా కాసేపు ఒళ్లు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది. వెంటనే తడిబట్టలు మార్చుకోవాలి, టీ సగం కప్పే పోయించుకోవాలి, చేతులు వణుకుతాయి గనక. షుగర్ మీటర్ 3.8 చూపింది. నాలుగు లోపుంటే 15 గ్రాముల చక్కెర వెంటనే పడాలి. పక్కనే విరాళాల కేకుల బల్ల ఉంది గానీ, కేకులో కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. వాళ్లావిడ జెల్లీ బేబీలనే మెత్తటి చక్కెర మిఠాయిలు నోట్లో కుక్కింది.

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి అత్తగారి వీడియో కాల్.

“షుగరెంత బాబూ?”

“3.8 అండీ.”

ఆవిడ కెవ్వుమంది. బ్రిటన్ లెక్కను 18తో హెచ్చవేస్తే మన లెక్క, దాదాపు 68 అని కూతురు సర్దిచెబుతుంటే, వెనక నుంచి మామగారు ఫోన్ లాక్కున్నారు.

“మూడు నెలల సగటు 3.8 వచ్చిందా అల్లుడూ! నాకు 7.2. ఆ చెరువులో ఫీజెంతో కనుక్కో.”