మోటరు బాగవుతుంది, మరి బోర్డు?

యాసంగి వరి పొట్టకొచ్చిన వేళ బోరు మోటరు కాలితే రైతుకు ఆగే తీరిక ఉండదు. అందుకే ఎండలు ముదిరేకొద్దీ నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి లాంటి పట్టణాల్లో వైండింగ్ షాపులకు, అంటే కాలిన మోటరుకు తీగ తిరిగి చుట్టేవాళ్లకు, రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటుంది.

మోటరు విప్పగానే చేయి తిరిగిన మెకానిక్ అది ఎందుకు కాలిందో చెప్పేస్తాడు. కాయిల్స్ అన్నీ ఒకే తీరుగా మాడితే లోవోల్టేజీతోనో, ఓవర్‌లోడ్‌తోనో నడిచినట్టు. కొన్ని మాడి కొన్ని బాగానే ఉంటే, మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా మోటరు ఆగకుండా తిరిగినట్టు. పాత తీగ లాగేసి, చుట్లు లెక్కపెట్టి, గేజి, అంటే తీగ మందం, కొలిచి కొత్త రాగి తీగ చుడతాడు. పాత రాగిని తూకమేసి బిల్లులో తగ్గించుకోవడం మామూలే. బేరింగు, బుష్షు, సీలు బజార్లో దొరుకుతాయి. మోటరు ఏ కంపెనీదైనా పని ఆగదు.

అదే రైతు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు పోతే తీసి పెంటకుప్ప మీద వేస్తాడు. దీన్ని చూసి జనానికి పొదుపు పోయిందని, వాడిపారేసే రోజులొచ్చాయని ఉపన్యాసాలిచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మోటరు బాగుచేయించినవాడే బల్బు పారేస్తున్నాడు. ఒక్క పూటలో మనిషి బుద్ధి మారిపోతుందా? మోటరును విప్పడానికి వీలుంది, విడిభాగం దొరుకుతుంది, కొత్తది కొనే ఖర్చుతో పోలిస్తే రిపేరు చవక. బల్బు విషయంలో ఈ మూడూ తలకిందులు.

సీలింగ్ ఫ్యాను దగ్గర ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. పాత ఫ్యాను నెమ్మదిస్తే చాలాసార్లు కెపాసిటర్ మారిస్తే చాలు, అది వంద రూపాయల లోపు వస్తువు. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్ లేని డీసీ మోటరు) ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల కరెంటుతో తిరుగుతుంది. పాతది 75 వాట్లు తాగేది. ఇంత లాభాన్ని కాదనలేం. కానీ మోటరును నడిపే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలితే ఆ కంపెనీ, ఆ మోడల్ బోర్డే కావాలి. అది దొరక్కపోతే మిగతా ఫ్యాను దిట్టంగా ఉన్నా పాత సామాన్ల బండి ఎక్కాల్సిందే.

అలాగని రిపేరు ప్రతిసారీ మేలేనని చెప్పను. గేజి తగ్గించి సన్నతీగ చుట్టే షాపులూ ఉన్నాయి. మోటరు తిరుగుతుంది, రైతుకు కొంత డబ్బు మిగులుతుంది, కరెంటు మాత్రం మునుపటికంటే ఎక్కువ వేడిగా పోతుంది. తెలంగాణలో సాగుకు కరెంటు ఉచితం కాబట్టి ఈ నష్టం రైతు కంటికి కనబడదు, కరెంటు సరఫరా చేసే డిస్కం లెక్కల్లో కలిసిపోతుంది. మంచి వైండింగ్‌కు ఒక ప్రమాణం పెట్టి, షాపులకు గుర్తింపు ఇస్తే ప్రభుత్వానికే లాభం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద, అంటే కొన్న వస్తువును ఎక్కడైనా బాగుచేయించుకునే వీలు మీద, కమిటీ వేసింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబర్‌లో దీనికోసం వెబ్ పోర్టల్ కూడా వచ్చింది. తర్వాత రిపేరు సూచీ (ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే మార్కు) మీద పెట్టిన దృష్టంతా సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లింది. పంపుసెట్టు వెనకబడిపోయింది.

వెనకబడకూడని సమయం ఇదే. 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టాలున్న 2.1 లక్షల గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది లక్ష్యం. కరెంటు లైను వేయడం కష్టమైన నల్లమల అంచు ఊళ్లకు ఇది మంచి పథకమే. అయితే సోలార్ పంపు ప్రాణమంతా కంట్రోలర్‌లో ఉంటుంది. ఎండ పెరిగి తగ్గేకొద్దీ మోటరు వేగాన్ని సర్దేది అదే. అది పోయిందంటే ప్యానెళ్లూ మోటరూ బాగున్నా చుక్క నీరు రాదు. సోలార్ పంపులకు కేంద్రం సాయమిచ్చే పీఎం కుసుమ్ పథకం కింద ఇచ్చిన పంపులకైతే సరఫరా చేసిన కంపెనీ ఐదేళ్లు నిర్వహణ చూడాలి. ఆరో ఏట? అచ్చంపేటలో మోటరు చుట్టగలిగే మనిషి దొరుకుతాడు. సర్క్యూట్ డయాగ్రమ్ లేకుండా, విడి బోర్డు దొరక్కుండా కంట్రోలర్ ముందు అతను మాత్రం ఏం చేస్తాడు?

ఇక్కడ కొంటున్నది ప్రభుత్వమే, అదీ లక్షల లెక్కన. ఫాల్ట్ కోడ్‌ల (ఏం చెడిందో కంట్రోలర్ చూపే గుర్తులు) వివరాలు, డయాగ్రమ్‌లు ఇవ్వాలని, విడి బోర్డులు పదేళ్లపాటు ఎవరికైనా అమ్మాలని టెండర్‌లోనే షరతు రాస్తే కంపెనీలు కాదనవు. సంతకాలయ్యాక అడిగితే ఎవరూ వినరు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోటిక్స్ పక్కనే కంట్రోలర్ రిపేరుకూ ఒక చిన్న కోర్సు పెట్టొచ్చు. దాంట్లో చేరడానికి పదో తరగతి సర్టిఫికెట్ అడగకపోతే, ఏళ్ల తరబడి వైండింగ్ చేస్తున్నవాళ్లు కూడా వస్తారు. మోటరు సంగతి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేర్పాల్సింది ఆ బోర్డు పనే.