మహారాజశ్రీ త్రీనాట్‌త్రీ గారి సముఖానికి

మహారాజశ్రీ త్రీనాట్‌త్రీ రైఫిల్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమకు కాలం చెల్లిందా లేదా అని మళ్ళీ చర్చ లేచింది. సైన్యం ఆ సంగతి 1962 తర్వాతే తేల్చేసింది. నేఫాలో (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో) చైనావాళ్ళు సెమీ ఆటోమేటిక్ తుపాకులతో దిగితే, మనవాళ్ళు ఒక్కో గుండుకీ బోల్టు, అంటే తూటా వెనక తలుపులా మూసుకునే ఇనుప కడ్డీ, ఎత్తి, లాగి, తోసి, దించి పోరాడారు. ఆపైన జవాన్లకు దానంతటదే తూటా నింపుకునే ఎస్సెల్లార్ రైఫిల్ వచ్చింది. తమరు మాత్రం ఇంటికి పోలేదు, పోలీసు శాఖకి బదిలీ అయ్యారు. అన్న విడిచిన చొక్కా తమ్ముడికి పండగ బట్టలైనట్టు! ఉత్తరప్రదేశ్ పోలీసులు తమకు లాంఛనంగా వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినాన. తమ మార్క్ త్రీ పుట్టింది 1907లో. నూటపదమూడేళ్ళ సర్వీసుకి పింఛను లెక్కకట్టే గుమాస్తా ఏ ట్రెజరీలోనూ లేడు.

తమ గొప్ప తక్కువేం కాదు. బోల్టుని బిగించి పట్టే లగ్గులు వెనక ఉండబట్టి దాన్ని ఎక్కువ దూరం లాగక్కర్లేదు. అరవై డిగ్రీలు తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. స్ప్రింగు బిగిసేది మూసేటప్పుడు గనక తెరవడం తేలిక. జర్మన్ మౌజర్ రైఫిల్లో అయిదు తూటాలు పట్టే రోజుల్లో తమ కడుపులో పది పట్టేవి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయి 300 గజాల దూరాన ఉన్న గురికి నిమిషంలో పదిహేను రౌండ్లు కొట్టాలి, అదీ గురిచూసి. అయితే ఆ చురుకు తుపాకీలో సగం, చేతిలో సగం. రెండో సగం బదిలీ మీద రాలేదు.

2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో తమరూ ఉన్నారు, ఎదురుగా ఏకే-47లూ ఉన్నాయి. అక్కడ తమరు నిజంగానే పనికిరారు. దగ్గరి దూరంలో, స్తంభాల చాటున, జనం మధ్యన, 30 రౌండ్ల మ్యాగజైన్ ముందు బోల్టు లాగుతూ నిలబడటానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆ పోలీసులకు ఉంది. తగిన తుపాకీ లేదు.

గుంపుల్ని చెదరగొట్టడానికైతే తమరు మరీ విడ్డూరం. తమ మార్క్ సెవెన్ రకం గుండు 174 గ్రెయిన్లు (సుమారు పదకొండు గ్రాములు), సెకనుకి 744 మీటర్ల వేగం. ముక్కులో సీసానికి బదులు అల్యూమినియమో చెక్కగుజ్జో పెట్టడంతో బరువంతా తోక వైపు చేరి, ఒంట్లో దిగగానే పల్టీ కొడుతుంది. లేదా మొదటివాడిలోంచి దూసుకుపోయి, వెనక సోడా తాగుతున్నవాణ్ణి పలకరిస్తుంది. బజారు వెడల్పు నలభై అడుగులు, తమ గురిచూసే సైటు మీద గీతలు 2000 గజాల దాకా. దొరలకు ఈ సంగతి తెలుసు. అందుకే తమ నాళాన్ని నున్నగా తొలిచి, మ్యాగజైన్ చోట చెక్క దిమ్మ కొట్టి, ఒకసారికి ఒకే తూటా పట్టే 410 మస్కట్‌ని పోలీసు చేతిలో పెట్టారు. జనం మీద దయతో కాదులెండి. ఆ తుపాకీ ఎవరైనా గుంజుకుపోయినా పెద్దగా అక్కరకు రాకూడదని.

ఇక తమ ఆరోగ్యం. 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అనే చీకటి గదిలో తమరు గొలుసుతో వరసగా నిలబడి ఉంటారు. వారానికోసారి నూనె గుడ్డతో పైపైన తుడుస్తారు, దేవుడి పటానికి తుడిచినట్టు. పాత తూటాల ప్రైమర్‌లో (అడుగున దెబ్బకి నిప్పు పుట్టించే మందులో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక నాళంలో మిగిలేది ఒక రకం ఉప్పు. ఉప్పు నూనెలో కరగదని వంటింట్లో అందరికీ తెలుసు, ఆయుధాగారంలో మాత్రం మరిచిపోతారు. కాల్చిన రోజే బోల్టు తీసి, వెనక నుంచి గరాటుతో రెండు మూడు లీటర్ల మరిగిన నీళ్ళు పోయాలి. నాళం వేడెక్కి దానంతటదే ఆరుతుంది. నూనె వంతు ఆ తర్వాతే. కోస్తా గాలిలో ఇది మానేస్తే నాలుగు రోజుల్లో నాళం ఎర్రబడుతుంది.

నాళం తుడిచే తాడు, పుల్‌త్రూ, దాని సంగతి ఇంకా ఘోరం. ఇత్తడి బరువుని వెనకనుంచి జారవిడిచి, తాడుని మూతిలోంచి తిన్నగా, ఒక్క ఊపులో లాగాలి. పక్కకి వంచి లాగితే తాడు మూతి అంచుని ఒకవైపే కోస్తుంది. బావి గిలక మీద చేంతాడు గాడి చూశారుగా, అదే. ఆ గాడి పడ్డాక గురి పోతుంది. మళ్ళీ పేరు తమకే: "ముసలి తుపాకీ, కొట్టదు".

పదిమంది పది బోల్టులు తీసి ఒకే చాప మీద పెట్టడం మరో ఆచారం. బోల్టు మీద నంబరు, తుపాకీ మీద నంబరు ఒకటే ఉండాలి. పక్కదాని బోల్టు దూరుతుంది, మూసుకుంటుంది కూడా. కానీ తూటాకీ బోల్టు ముఖానికీ మధ్య సందు పెరిగితే ఇత్తడి గొట్టం అడుగున తెగి, ముందు ముక్క నాళంలోనే ఉండిపోతుంది.

బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) ఊగుతోందని పొడుగు స్క్రూడ్రైవరు వెనకనుంచి దూర్చే మహానుభావులకు ప్రత్యేక వందనం. తమ బట్‌ని బిగించే మర బోల్టు చివర నలుపలకగా ఉండి ముందు చెక్కలోని పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క ఊడదీయకుండా అది తిప్పితే చెక్క నిలువునా చీలుతుంది. బిల్లులో మాత్రం "వయోభారం" అని రాస్తారు.

తూటాలు నింపడమూ అంతే. వీటి అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కిందిదాని అంచుకి ముందు పడాలి. వెనక పడితే రెండూ కొక్కెం వేసుకుని కూర్చుంటాయి, బోల్టు కదలదు.

తమ పోలికలే ఉన్న ఇషాపూర్ 2ఏ1 రైఫిల్ గారిని కూడా అడిగామని చెప్పండి. ఆయనది 7.62 మిల్లీమీటర్ల తూటా, మ్యాగజైన్ పలకగా పెట్టెలా ఉంటుంది, సైటు బుద్ధిగా 800 మీటర్లకు దిగింది.

బోల్టు లాగడమే పాతకాలపు పని అనేవారికి ఒక కబురు. కెనడా మంచు ప్రాంతాల్లో రేంజర్లు తమ తమ్ముడు నంబర్ ఫోర్ రైఫిల్‌ని 2010ల చివరి దాకా మోశారు. చలికి బిగుసుకోదని, ఎలుగుబంటి ఎదురైతే ఆదుకుంటుందని. దాని స్థానంలో ఇచ్చిన కొత్త సీ19 కూడా బోల్టు లాగేదే.

ఇట్లు,
తమ నంబరు సరిచూసే ఓర్పున్నవారు

తా.క.: 2019 ఆగస్టులో బిహార్‌లో ఒక మాజీ ముఖ్యమంత్రి అంత్యక్రియల్లో 22 తుపాకులు గాలిలోకి ఎత్తితే ఒక్కటీ పేలలేదు. తమకూ అలాంటి లాంఛనాలు తప్పవు కాబట్టి చెబుతున్నాం. పేలకపోతే మూతి దించకుండా, బోల్టు తెరవకుండా అర నిమిషం ఆగమనండి, తూటా ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆ తర్వాత బోల్టు వెనకున్న కాకింగ్ పీస్‌ని వేళ్ళతో వెనక్కి లాగి మళ్ళీ ఒకసారి కొట్టవచ్చు. ఈ వసతి తమ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌కి లేదు. మంత్రిగారు గడియారం చూసుకుంటున్నా సరే, అర నిమిషం అర నిమిషమే.