ఆరడుగుల తొట్టె, తొమ్మిది మంది పౌరులు

శ్రీకాకుళం పట్టణంలో రోజంతా ఆగని కరెంటు, వారం వారం పరీక్షించిన నీళ్లు, ఎండాకాలంలో ఏసీ, ఒంట్లో నలతగా ఉందని అనుమానం రాగానే విడిగా గది అనుభవిస్తున్న వర్గం ఒకటుంది. వాళ్లకు ఓటు లేదు, రేషన్ కార్డు లేదు, కులం సర్టిఫికెట్టు అంతకన్నా లేదు. మా బావమరిది ఇంటి హాల్లో, ఆరడుగుల గాజు తొట్టెలో తిరుగుతున్న తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లే ఆ వర్గం.

జిల్లా వెనకబాటు మీద మాట్లాడనివాళ్లు లేరు. నివేదికలు వచ్చాయి, సదస్సులు జరిగాయి, సదస్సుల్లో భోజనాలు కూడా బాగానే జరిగాయి. ఇంటికో పెద్ద తొట్టె పెట్టిస్తే సగం సమస్యలు వాటంతటవే దారికొస్తాయని మాత్రం ఇంతవరకు ఏ మేధావికీ తట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు బరువు సంగతి. తొట్టె పొడవు ఆరడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. అంచుదాకా నింపితే దాదాపు 680 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. దళసరి గాజు, అడుగున గులకరాళ్లు, ఇనుప స్టాండు కలుపుకుంటే టన్ను దగ్గరికి వస్తుంది. మామూలు ఇంటి శ్లాబు చదరపు మీటరుకు 200 కిలోలు మోస్తుందని లెక్కేసి డిజైను చేస్తారు. తొట్టె కూర్చునే చోటు చూస్తే చదరపు మీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ లెక్క తెలిసిన మర్నాడే మా బావమరిది ఇంజినీరును పిలిపించాడు.

ఆ ఇల్లు కట్టినప్పుడు ఏ ఇంజినీరూ రాలేదు. మేస్త్రీ వచ్చి కాలి బొటనవేలితో నేలమీద గీత గీసి, "ఇక్కడ పిల్లరేసేద్దుము బావూ" అన్నాడు, వేసేశాడు. పెళ్లికని వచ్చిన చుట్టాలంతా ఆ శ్లాబు మీద చాపలు పరుచుకుని వరసగా పడుకున్నారు. మా పెద్దమావ ఒక్కడే క్వింటాలు ఉంటాడు. వాళ్లలో ఎవరినీ బరువెంత అని ఎవరూ అడగలేదు, బీము మీద పడుకున్నారా పక్కన పడుకున్నారా అని చూడలేదు.

ఇంజినీరు బీము ఉన్న గోడవారగా పెట్టమన్నాడు. అది ఆగ్నేయం. నిప్పు మూల నీళ్లు పెడితే ఇల్లు కలిసిరాదని వాస్తు చెప్పే పెద్దమనిషి అడ్డుపడ్డాడు, ఈశాన్యానికి జరపమన్నాడు. ఈశాన్యంలో బీమూ లేదు, ప్లగ్గూ లేదు, దేవుడి మందిరం ఉంది. ఇద్దరికీ టీలు ఇచ్చి చాలాసేపు కూర్చోబెట్టాక రాజీ కుదిరింది. తొట్టె ఆగ్నేయంలోనే ఉంది. గాలి పంపు మాత్రం ఈశాన్యం వైపు ముఖం పెట్టుకుని ఉంటుంది.

ఎన్ని చేపలు వేయాలనేదానికి కూడా శాస్త్రం ఉంది. బంగారు రంగువి ఎనిమిది, నల్లది ఒకటి. ఇది చైనావాళ్ల ఫెంగ్ షూయి. గోల్డ్‌ఫిష్‌ను వెయ్యేళ్ల కిందట సాదా చేప నుంచి మచ్చిక చేసిందీ వాళ్లే కాబట్టి, చేపతోపాటు శాస్త్రాన్ని కూడా పార్సిల్ చేశారనుకోవాలి. నల్లదాన్ని బ్లాక్ మూర్ అంటారు. ఇంటికి తగిలే దిష్టంతా అది తన మీద వేసుకుంటుందట. బయటికి పొడుచుకొచ్చిన దాని కళ్లు చూస్తే నిజమేనేమో అనిపిస్తుంది. అది చచ్చిపోతే యజమానికి రావలసిన గండాన్ని తీసుకుపోయిందని లెక్క.

ఈ సిద్ధాంతం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన పరిపాలనా శాస్త్రమంతా ఇందులోనే ఉంది. కొత్త తొట్టెలో గోల్డ్‌ఫిష్‌ను ముందుగా చంపేది అమ్మోనియా. నీళ్లు మార్చరు, మేత గుప్పెళ్లతో పోస్తారు, ఫిల్టరు శబ్దం వస్తోందని రాత్రి ఆపేస్తారు. తెల్లారేసరికి చేప పైకి తేలుతుంది. అప్పుడు యజమాని తప్పు చేసినవాడు కాదు, గండం గడిచినవాడు. చేప త్యాగమూర్తి. షాపువాడికి ఇంకో బేరం. విచారణ అక్కర్లేదు, ఎవరూ రాజీనామా చేయనక్కర్లేదు, అందరూ సంతోషంగా ఉంటారు.

మా బావమరిది మాత్రం చదువుకున్నవాడు కదా, అమ్మోనియా సంగతి క్షుణ్ణంగా పట్టించుకున్నాడు. చేప మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను ఒకరకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దాన్ని ఇంకోరకం బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది, అది కాస్త నయం. ఈ బాక్టీరియా ఫిల్టరులోని స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలను దించకూడదు. కాబట్టి అన్నాళ్లూ ఇంటికొచ్చినవాళ్లకు లైటు వేసి ఖాళీ నీళ్లు చూపించాడు. "బాక్టీరియా పెరుగుతోంది బావా!" అని నాతో అన్నప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది. మన ఊళ్లలో ఎన్నో బావుల్లో, మేడ మీద మూతలేని ట్యాంకుల్లో ఇలాంటి పెరుగుదల ఏ ఖర్చూ లేకుండానే జరిగిపోతోంది. లైటు వేసి చూపించే నాథుడు లేడు.

నీళ్ల పరీక్షకు చుక్కలమందు కిట్టు ఉంది. గాజుగొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి నోటుపుస్తకంలో రాసుకోవాలి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 లోపు ఉండాలి. మనుషుల కోసం కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారే, అది చేపల మొప్పలకు పడదు, కష్టపడి పెంచిన బాక్టీరియాకూ పడదు. అందుకని హైపో అనే మందు వేసి దాన్ని విరిచేస్తారు. ఇంట్లోవాళ్లు తాగేది 20 లీటర్ల క్యాను నీళ్లు. అందులో ఎవరూ చుక్కలు వేసి చూడలేదు. క్యాను నీలంగా ఉంది, మూత బిగువుగా ఉంది, ఇంకేం కావాలి?

ఉద్దానంలో, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా, కిడ్నీలు పాడై మనుషులు పోతూనే ఉన్నారు. ఎక్కడెక్కడి నిపుణులో వచ్చి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. కారణం ఫలానా అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. మా తొమ్మిది మంది విషయంలో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, రంగు మారిన పూటే నీళ్లు కూడా మారతాయి.

వాళ్ల రాకను గురించి కూడా చెప్పాలి. పుట్టింది చెన్నై కొళత్తూరులో. ప్రాణవాయువు నింపిన సంచుల్లో, థర్మోకోలు పెట్టెల్లో, రైల్లో ఆమదాలవలసకు వచ్చి దిగారు. పెట్టె మీద "ప్రాణంతో ఉన్నవి, జాగ్రత్త" అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లాకు చేపలు అలా దిగుతుంటే, ఎచ్చెర్ల తీరపు కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద చేపలు పట్టడానికి జనరల్ బోగీలో వేలాడుతూ ఎక్కుతున్నారు. వాళ్ల మీద ఎవరూ ఏమీ రాయలేదు.

ఇంత మర్యాద తెలియక గంప దించిన చేపలావిడ తొట్టెలోకి వంగి చూసి, "ఇది బంగారుతీగ సుట్టమేనమ్మా. ముల్లెక్కువ, కండ తక్కువ" అని తేల్చి చెప్పింది. శాస్త్రం ప్రకారం ఆమె మాట అక్షరాలా నిజం, రెండూ కార్పు కుటుంబానివే. అయినా మా బావమరిది చెల్లెలికి మాటొచ్చినట్టు నొచ్చుకున్నాడు.

గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీళ్లు కావాలి, 24 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మే నెల వచ్చేసరికి హాల్లో ఏసీ పెట్టించక తప్పలేదు. ఏసీ బిల్లు మోయలేమని ఇన్నేళ్లుగా విసనకర్రతో సరిపెట్టుకున్న మా అత్తగారు మడతమంచం తెచ్చి తొట్టె పక్కన వేసుకున్నారు. "సేపల పున్నేన కన్ను మూతపడతంది అల్లుడుగారూ" అన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి స్తంభాలన్నీ పడిపోయినప్పుడు ఆవిడ పుట్టింటి ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పుడు కొనని ఇన్వర్టరు ఇప్పుడొచ్చింది. దాని మీద మొదటి హక్కు గాలి పంపుది, రెండోది ఫిల్టరుది. అత్తగారి ఫ్యాను వరసలో ఉంది.

ఇదేమీ ఏడాది రెండేళ్ల ముచ్చట కాదు. ఇంగ్లండులో 1956లో తిరునాళ్లలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఈ సంగతి విన్నప్పటి నుంచి మా బావమరిది తన తర్వాత తొట్టెను ఎవరు చూసుకుంటారని ఆలోచిస్తున్నాడు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. తండ్రి తర్వాత ఆ కొడుకును ఎవరు చూసుకుంటారన్నది ఇంకా చర్చకు రాలేదు.

వారానికోసారి మూడోవంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. తీసిన నీళ్లలో నైట్రేట్ ఉంటుంది కాబట్టి కింది వాటావాళ్ల ఆనపపాదు మేడ దాకా పాకింది, ఆ లెక్కన పంచాయితీ ఏమీ లేదు. ఎండల్లో బోరు ఎండిపోయాకే చిక్కు వచ్చింది. వీధి వీధంతా ట్యాంకరుకు ఫోన్లు చేస్తోంది. ట్యాంకరు కుర్రాడు అందరినీ ఒకటే అడుగుతాడు.

"సేపలకా బావూ, మనుసులకా?"

చేపలకంటే పావుగంటలో వస్తాడు. మనుషులకంటే రేపో ఎల్లుండో. ఇదెక్కడి న్యాయమని నిలదీస్తే, "మనుసులైతే ఆగుతారు. సేపలాగవు కదా" అన్నాడు. ఇప్పుడు మా వీధిలో ఇంటింటా చేపలున్నాయి. తొట్టె మాత్రం ఒక్క ఇంట్లోనే ఉంది.